నీలం పళ్ళెంలో వట్టి నీళ్ళు

పెద్దారవీడు,
2025 ఫిబ్రవరి 3.

బావకు ఫెబీ రాసుకున్నది. ప్రభువు నామంలో వందనాలు.

ముందుగా నా రాతకూ తప్పులకూ నవ్వకు. ఐదో తరగతితో బడి మానేశాక నేను పెన్ను పట్టింది మన పెళ్ళి రిజిస్టరులో సంతకానికే. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల ఊరికే వదిలేశాను, నువ్వే పెట్టుకుని చదువుకో. లైన్లు కిందికి జారిపోతున్నాయి. కాగితం కొంచెం తిప్పి పట్టుకుంటే సరిపోతుంది.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకు అనుకుంటావేమో. ఫోను అత్త దగ్గర ఉంటుంది. అత్తకు ఎడమ చెవి వినపడదు కాబట్టి స్పీకరు పెడుతుంది. నువ్వు "అన్నం తిన్నావా ఫెబీ" అంటే వీధిలో నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడిన వాళ్ళందరూ నా మొహం చూస్తారు. అందుకే ఊ అని ఊరుకుంటాను. నీ మీద కోపం ఉండి కాదు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు "మీ అన్నయ్య కూతురు నాతో మాట్లాడదేందమ్మా" అని అత్తతో అన్నావు. వంటింట్లో నుంచి విన్నాను. అప్పటి నుంచి రాయాలని ఉంది.

నేను పనికి పోతున్నాను. పిచ్చయ్య పెదనాయన బత్తాయి తోటలో ఒక మేడం తేనెటీగల పెట్టెలు పెట్టింది. పేరు స్రవంతి. గిద్దలూరు అమ్మాయే, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మార్కాపురంలో అద్దెకు ఉండి రోజూ స్కూటీ మీద వస్తుంది. తేనె కోసం కాదట. ఈగలు ఎలా నేర్చుకుంటాయి, నేర్చుకున్నది ఎంతకాలం గుర్తు పెట్టుకుంటాయి, వాటి కంటికి ఏ రంగు ఎలా కనిపిస్తుంది, ఇవి చూస్తుందట. "తేనె తీసి అమ్ముకోకుండా ఈగలకు బడి పెట్టినాదా ఆయమ్మ?" అని అత్త ఒకటే నవ్వు. నాకూ అర్థం కాలేదు. ఇప్పటికీ సగమే అర్థమైంది.

నా పని ఏమిటంటే, నీలం పళ్ళెంలో చక్కెర నీళ్ళు పోయాలి, పసుపు పళ్ళెంలో చేదు మందు కలిపిన నీళ్ళు పోయాలి. వచ్చిన ఈగ తాగుతుండగా దాని వీపు మీద పుల్లతో రంగు చుక్క పెట్టాలి. ఒక్కోదానికి ఒక్కో రంగు, మళ్ళీ వస్తే ఫలానాది అని తెలియడానికి. మేడం చెయ్యి వణుకుతుంది, నాది వణకడం లేదు. మనుషుల ముందు వణికే చెయ్యి ఈగల ముందు ఎందుకు వణకదో తెలియదు.

బావా, బెంగుళూరులో రూము చూస్తానని చెప్పి పోయావు. చూశావా? చిన్నదైనా పర్వాలేదు. అత్త మంచిదే. కానీ నేను పెళ్ళి చేసుకున్నది అత్తను కాదు గదా. ఇంతకంటే రాయడానికి సిగ్గుగా ఉంది.

జవాబు మేడం పేరు మీద పెద్దారవీడు పోస్టాఫీసుకు రాయి. ఇంటికి వస్తే అత్త ఎవరితోనో పైకి చదివిస్తుంది. ఇది చదివిన వెంటనే పొయ్యిలో వేయి. నీ స్నేహితుల చేతిలో పడితే నేను ఆ ఊరు రాలేను.

నీ ఫెబీ.


బెంగుళూరు,
ఫిబ్రవరి 12.

ఫెబీకి,

వందనాలు. నీ ఉత్తరం అందింది. నీ రాత నా రాత కంటే బాగుంది, ఊరికే భయపడ్డావు. నీకు ఇన్ని మాటలు ఉన్నాయని నాకు తెలియదు. రెండుసార్లు చదివాను. కాల్చమన్నావు గానీ ఇక్కడ పొయ్యి లేదు, నా పెట్టె అడుగున పెట్టాను.

నేనిక్కడ గోడలకు రంగులు వేస్తుంటే నువ్వక్కడ ఈగలకు వేస్తున్నావా? మా మేస్త్రీకి చెబితే "మీ ఆవిడను కూడా తీసుకురా, సీలింగు పని ఇద్దాం" అన్నాడు. కుట్టకుండా చూసుకో. ఆ మేడం ఈగలకు నేర్పుతుందా, ఈగల దగ్గర నేర్చుకుంటుందా? అది నాకు తెలియలేదు.

రూము అడిగావు. చూశాను. మూడో అంతస్తు. తూర్పు వైపు పెద్ద కిటికీ ఉంది, పొద్దున్నే ఎండ మంచం మీద పడుతుంది. గోడలకు లేత నీలం రంగు. నీకు నచ్చుతుంది. వచ్చే నెలలో తీసుకుందాం.

అమ్మ కాళ్ళకు నూనె రాస్తూ ఉండు.

శ్యాంసన్.


పెద్దారవీడు,
ఫిబ్రవరి 20.

బావకు వందనాలు.

నీ ఉత్తరం మేడం తెచ్చి చేతిలో పెడితే బత్తాయి చెట్టు చాటుకు పోయి చదువుకున్నాను. కిటికీ ఉందని రాశావు. తలుపు ఏ వైపు ఉంది? వంట చేసేది ఎక్కడ? నేను ఆ రూమును మనసులో కట్టుకుంటున్నాను, ఒక వైపు గోడ ఇంకా లేవలేదు. అందుకే అడుగుతున్నాను. నీ పక్కబట్ట కిటికీ కింద వేశాను. ఎండ మొహం మీద పడకుండా తల ఇటు తిప్పాను.

ఇక్కడి సంగతులు. తెల్ల మేక రెండు పిల్లలు పెట్టింది. నువ్వు క్రిస్మస్‌కు కొన్న ఎర్ర చీర కట్టుకుని పనికి పోయాను. మేడం వద్దంది. ఈగలకు ఎరుపు కనపడదట, నల్లగా కనిపిస్తుందట. నల్లనిది దగ్గరికి వస్తే తేనె కోసం వచ్చిన ఎలుగుబంటి అనుకుని కుడతాయట. నువ్వు ముచ్చటపడి కొన్న చీరలో నేను వాటికి నల్లమల ఎలుగుబంటిలా ఉన్నానన్నమాట. అప్పటి నుంచి పాత తెల్ల చీర కట్టుకుని పోతున్నాను. ఇంకో సంగతి, ఇంతకాలం నేను "నీలం చుక్క వాడు వచ్చాడు, తెల్ల చుక్క వాడు పోయాడు" అనేదాన్ని. బయట తిరిగి తెచ్చేవన్నీ ఆడవేనట. మగవి ఇంట్లో కూర్చుని తింటాయట. అత్తకు చెబితే "దాంట్లో పరిశోధన ఏముందే" అంది.

ఇప్పుడు నీకొక్కడికే ఒక మాట చెబుతాను.

ఈగలు నీలం పళ్ళెం నేర్చుకున్నాయి. పసుపు వైపు చూడను కూడా చూడవు. నేర్చుకున్నాక పరీక్ష ఉంటుంది. కడిగిన కొత్త పళ్ళేలు పెట్టి, నీలంలోనూ పసుపులోనూ వట్టి నీళ్ళు పోయాలి. వాసన పట్టుకుని కాకుండా రంగు గుర్తుపెట్టుకుని వస్తున్నాయా లేదా అని చూడటానికి. మొదటి రోజు పోశాను. నీలం చుక్కది నేరుగా వచ్చి నీలం పళ్ళెం మీద వాలింది. నాలుక పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. పళ్ళెం చుట్టూ నడిచి ఇంకో వైపు నుంచి చూసింది. నాకు ప్రాణం పోయినట్టయింది. మా నాయన ఇంట్లో ఎవరొచ్చినా వట్టి నీళ్ళు ఇవ్వరు. ఇంట్లో ఇంకేమీ లేకపోయినా చేతిలో బెల్లం ముక్క పెట్టి నీళ్ళిస్తారు. నీకు తెలుసు గదా, నువ్వు పెళ్ళి చూపులకు వచ్చినప్పుడు బెల్లం తీసుకొచ్చింది నేనే. నన్ను నమ్మి అంత దూరం వచ్చినదాన్ని నేను ఎలా వట్టి నీళ్ళతో పంపాలి?

తర్వాతి పరీక్షల్లో మేడం గొడుగు కింద కూర్చుని ఏది ఎక్కడ వాలిందో రాసుకుంటుంటే, నేను వట్టి నీళ్ళ బదులు చక్కెర నీళ్ళే పోశాను. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. పసుపులో కూడా పోశాను. దారి తప్పి దాని మీదికి వచ్చినది మాత్రం ఏం పాపం చేసింది?

ఇది తప్పా బావా? నాకు తెలియడం లేదు. ఎవరికీ చెప్పకు. అక్కడ పొయ్యి లేకపోతే అగ్గిపుల్ల గీసి కాల్చెయ్యి. అయినా పొయ్యి లేకుండా నువ్వు ఏం తింటున్నావు?

నీ ఫెబీ.


బెంగుళూరు,
మార్చి 1.

ఫెబీకి,

చీర నీకు నచ్చలేదని అర్థమైంది. నచ్చలేదని సూటిగా రాయొచ్చు, ఎలుగుబంటి అనక్కర్లేదు. ఈసారి తెల్లది కొంటాను.

చక్కెర నీళ్ళ సంగతి మేడంకు చెప్పకు. ఆమె అడగలేదు, నువ్వు చెప్పలేదు, అంతటితో అయిపోయింది. ఈగలు వచ్చి సాక్ష్యం చెప్పవు. తియ్యటిది పోస్తే ఎవరికి నష్టం? ఒకరి మనసు నొప్పించడం ఇష్టం లేక చేసినది తప్పు ఎలా అవుతుంది? నువ్వు దాని గురించి బాధపడుతున్నావని చదివి నాకు ఆ రోజంతా పని మీద ధ్యాస లేదు.

నేను బయట తింటున్నాను. రూములో వంటకు వేరే గట్టు ఉంది, నల్లరాయి. కొళాయి లోపలే ఉంది, ట్యాంకరు కోసం నిలబడక్కర్లేదు. తలుపు పడమరకు. ఓనరు ఊరికి పోయాడు కాబట్టి ఈ నెల కుదరలేదు. ఎలాగూ నీకు ఈస్టరు దాకా అక్కడ పని ఉందని అమ్మ ఫోనులో చెప్పింది. పని మధ్యలో మానుకుని రావడం నీకూ ఇష్టం ఉండదు. ఈస్టరు తర్వాత చూద్దాం.

శ్యాంసన్.


పెద్దారవీడు,
మార్చి 9.

బావకు వందనాలు.

నాకు తల తిరిగిపోతోంది. ఏది ముందు రాయాలో తెలియడం లేదు.

ఈస్టరు దాకా రానని నేను ఎప్పుడు అన్నాను? మేడంకు ఈస్టరు దాకా పని ఉందని అత్తతో అన్నాను. నాకు కాదు. నువ్వు రమ్మంటే రేపు బస్సు ఎక్కుతాను. పని సంగతి నీకు రాసి నేనే చెడగొట్టుకున్నానా? చీర నాకు నచ్చింది. ఆదివారం మందిరానికి అదే కట్టుకున్నాను, కావాలంటే అత్తను అడుగు.

అత్తనే అడిగాను నేను. సిగ్గు విడిచి, "అత్తా, రూముకు పోయేటప్పుడు చిన్న రోలు తీసుకుపోవచ్చా" అన్నాను. అత్త చాటలో బియ్యం చెరగడం ఆపి నా వైపు చూసింది.

"యాడి రూమే?"

"బావ చూసినాడంట గదా."

"వాడు నాతో రూము మాటే ఎత్తలేదు. నీకు ఎవరు చెప్పినారు?"

ఉత్తరాల సంగతి చెప్పలేను గదా. "ఊరికే అనుకున్నాలే" అన్నాను. అత్త మళ్ళీ బియ్యం చెరుగుతూ, "అనుకోమాకు తల్లీ. అనుకుంటే మనసు పాడైపోతాది" అంది. బావా, నన్ను పంపడం అత్తకు ఇష్టం లేదా? మేకలు, నీళ్ళు, తన కాళ్ళు, ఇవన్నీ ఎవరు చూస్తారని దాచిపెడుతోందా? లేక నువ్వే ఆమెకు చెప్పలేదా? కొళాయి ఉన్న రూము సంగతి తల్లికి చెప్పకుండా ఎవరైనా ఉంటారా? నేను రెండు రోజులు అత్తతో సరిగా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను. దేనికి కోపం తెచ్చుకున్నానో నాకే స్పష్టంగా లేదు.

తోటలో ఇంకా గందరగోళం. పరీక్షలో ఈగలు నీలానికీ పసుపుకూ సమానంగా వస్తున్నాయి. మేడం మొహం పాలిపోయింది. "మొన్నటి దాకా ఎంత బాగా గుర్తుపెట్టుకున్నాయి ఫెబీ, ఇప్పుడేమైంది?" అని నన్నే అడుగుతుంది. నేను పళ్ళేలు కడుగుతూ ఉంటాను. పురుగుమందు పడితే తేనెటీగలకు జ్ఞాపకం చెడుతుందట. అదే అయి ఉంటుందని మేడం పిచ్చయ్య పెదనాయన దగ్గరికి పోయింది. కూలీలందరూ చెట్ల కిందే కూర్చుని సద్ది తింటున్నారు.

"పిచ్చయ్యగారూ, ఈ మధ్య తోటకు మందేమైనా కొట్టించారా?"

"కొడితే ఏంది, కొట్టకపోతే ఏంది?"

"ఈగలు నేర్చుకున్నది మరిచిపోతున్నాయి. మందు వల్ల అట్ల అయ్యే వీలుంది."

"మా మనవడు గూడా నేర్చుకున్నది మరిచిపోతాడు తల్లీ. వాడి మీద గూడా నేనే మందు కొట్టినాననమంటావా?"

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. ఆకులు పరీక్షకు పంపిస్తానంది. దాంతో పెదనాయనకు కోపం వచ్చింది. "పోనీలే, మన పక్క పిల్ల గదా అని చోటిస్తే నా తోటకే విషం అంటగడతావా! అద్దె గూడా అడగలేదు నేను. ఈ పూత దిగేలోపల నీ పెట్టెలు నా గట్టు దాటాల" అని తువ్వాలు దులుపుకుని పోయాడు.

ఆయన మందు కొట్టలేదు బావా. నాకు తెలుసు. ఎవరి మనసూ నొప్పించకూడదని నేను పోసిన చక్కెరకు ఇద్దరి మనసులు విరిగాయి. నువ్వు చెప్పకు అన్నావు. నువ్వు అలా అన్నాక చెప్పవచ్చా? ఎవరికి నష్టం అని రాశావు. ఇప్పుడు నష్టం కనపడుతోంది. త్వరగా రాయి. ఇది కాల్చు, అత్త గురించి రాసిన భాగం ముందు కాల్చు.

నీ ఫెబీ.


బెంగుళూరు,
మార్చి 17.

ఫెబీకి,

అమ్మను రూము గురించి ఎందుకు అడిగావు? నేను చెప్పేవాణ్ణి గదా. అమ్మ ఫోను చేసి నన్ను వంద ప్రశ్నలు వేసింది. ఇక ఆమె దగ్గర ఆ మాట ఎత్తకు.

మేడంకు కూడా ఏమీ చెప్పకు. ఇప్పుడు చెబితే మొదట్లోనే ఎందుకు చెప్పలేదని అంటారు. ఆలస్యమైపోయింది. ఆలస్యమైన మాట చెప్పకపోవడమే మంచిది. వాళ్ళ గొడవ వాళ్ళే సర్దుకుంటారు.

కిటికీ బయట ఒక జామచెట్టు ఉంది, చెప్పడం మరిచాను. పై కొమ్మ చేతికి అందుతుంది.

పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

శ్యాంసన్.


పెద్దారవీడు,
మార్చి 25.

బావకు వందనాలు.

నీ మాట వినలేదు. నీ ఉత్తరం నాకు అందేసరికి చెప్పేశాను. ముందే అంది ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

మేడం పెట్టెల దగ్గర సామాను సర్దుతోంది. యూనివర్సిటీలో పెద్ద సారుకు ఏం చెప్పాలో తెలియడం లేదని తనలో తను అనుకుంటోంది. నేను వెనక నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో, ఆమే తిరిగి "ఏం ఫెబీ?" అంది.

"మేడం, ఆ నీళ్ళు వట్టివి కాదు."

"ఏ నీళ్ళు?"

"పరీక్షవి. చక్కెరవే పోసినాను."

ఆమె చేతిలో పళ్ళెం కింద పెట్టింది. "నీలంలోనా?"

"రెండిట్లో."

"రెండిట్లోనా! ఎందుకు?"

బెల్లం ముక్క సంగతి చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు, రెండోసారి చెప్పమంది. మళ్ళీ చెప్పాను. మేడం కింద కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక నేనూ కూర్చున్నాను. చాలాసేపటికి మొహం తుడుచుకుని, "అయితే అవి మరిచిపోలేదు" అంది.

"లేదు మేడం."

"నేర్చుకున్నాయి. పసుపులో గూడా చక్కెర ఉంటాదని నేర్చుకున్నాయి. నేను నేర్పింది పోగొట్టి నువ్వు వేరేది నేర్పినావు. పిచ్చయ్యగారిని అనవసరంగా అన్నాను." ఇంకా ఏదో అంటుందని తల వంచుకున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. "వాటికి తీపి పోసినావు, సరే. నాకేం పోసినావు ఫెబీ?" అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికి నడిచాను.

రేపటి నుంచి రావద్దంటుందనుకున్నాను. రమ్మంది. ఈగలను మొదటి నుంచి తయారు చేయాలంది. కొత్తవాటికి చుక్కలు పెట్టాను, నీలం నేర్పాను. పరీక్ష రోజు మేడం నీళ్ళ సీసా నా చేతికే ఇచ్చింది. తనే పోసుకుంటుందనుకున్నాను. "నువ్వే పొయ్యి" అంది. పోశాను. వట్టివే. తెల్ల చుక్కది వచ్చి నీలం మీద వాలి వెతికింది. చేతులు కొంగులో చుట్టేసుకుని నిలబడ్డాను. అది లేచింది, చుట్టూ తిరిగింది, మళ్ళీ వాలింది. ఎంత నమ్మకం బావా దానికి! చివరికి పైకి లేచి వెళ్ళిపోయింది. నేను ఏడ్చాను. కానీ దాన్నే చూస్తూ ఏడ్చాను కాబట్టి ఎటు పోయిందో కనపడింది. తోటలోకి పోయింది. ఆఖరి పూతలో తలపెట్టి కాళ్ళకు పుప్పొడి పూసుకుంటోంది. చావలేదు, నన్ను శపించలేదు. ఇక్కడ లేదని తెలిశాక ఉన్నచోటికి పోయింది.

పిచ్చయ్య పెదనాయన దగ్గరికి మేడమూ నేనూ పోయాం. మేడం క్షమించమంది. నేను నోరు తెరవబోతే "నువ్వేం చెప్పబాకు, నీ మొహమే చెప్తాండాది" అన్నాడు. తర్వాత మేడంతో, "ఈగలకు జ్ఞాపకముందో లేదో నువ్వు తేల్చు. నాకైతే ఉంది. విషం అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. పెట్టెలు మాత్రం ఉంచుకో, ఈ చివర కాదు, ఆ మోటారు గది పక్కన పెట్టుకో. నా కంటికి కనపడకూడదు" అన్నాడు.

ఇప్పుడు నేను అడిగేది కోపంతో కాదు. మూడు ఉత్తరాల్లో రూముకు కిటికీ వచ్చింది, కొళాయి వచ్చింది, నల్లరాయి గట్టు వచ్చింది, జామచెట్టు వచ్చింది. నువ్వు రా అన్న మాట ఒక్కటే రాలేదు. అత్తకు తెలియని రూము నాకు తెలుసు. నేను రోజూ పోస్టు కోసం చూసి, నువ్వు ఏది పోస్తే అది తాగి, మళ్ళీ వచ్చి వాలుతున్నాను. బావా, రూము ఉందా? ఉంటే ఉందని రాయి. లేకపోతే లేదని రాయి. తియ్యగా రాయొద్దు.

ఇలా రాసినందుకు నా చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. చదివి కాల్చెయ్యి, మళ్ళీ మళ్ళీ చదవొద్దు.

ఫెబీ.


బెంగుళూరు,
ఏప్రిల్ 5.

ఫెబీ,

రూము లేదు. మొదటి నుంచీ లేదు.

ఆ కిటికీ, ఆ నీలం గోడలు, ఆ నల్లరాయి గట్టు అన్నీ ఉన్నాయి, అవి నేను కల్పించినవి కావు. మేము రంగులు వేస్తున్న అపార్టుమెంటులో అది ఒక ఇల్లు. ఆ గోడకు లేత నీలం వేసింది నేనే. వేస్తున్నప్పుడు నీ మొదటి ఉత్తరం నా జేబులో ఉంది. పని అయ్యాక దానిలోకి ఎవరో దిగారు. ఇప్పుడు ఆ కిటికీకి పరదా ఉంది.

నేను కింద సెల్లార్‌లో పడుకుంటున్నాను. మేము ఐదుగురం. ఆడమనిషి ఉండగలిగే చోటు కాదు. నాకు వచ్చేదాంతో ఇక్కడ విడిగా ఇల్లు తీసుకోవడం ఇప్పట్లో కుదరదు. ఎప్పుడు కుదురుతుందో నాకు తెలియదు. అమ్మకు ఇది తెలుసు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను. ఆమె మీద కోపం పెట్టుకోకు.

పెళ్ళయినప్పటి నుంచి నువ్వు నన్ను ఏదీ అడగలేదు. మొదటిసారి అడిగింది రూము. లేదని రాయడానికి కాగితం ముందు పెట్టుకున్నాను, కిటికీ ఉందని రాశాను. తర్వాత నువ్వు తలుపు ఎటు అని అడిగావు.

నీ మేడంకు చెప్పొద్దని నీకు ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఈస్టరుకు సెలవు ఇవ్వనన్నారు. రాలేను.

శ్యాంసన్.


పెద్దారవీడు,
ఏప్రిల్ 14.

బావకు వందనాలు.

నీ ఉత్తరం చదివి అత్త దగ్గరికి పోయి కూర్చున్నాను. ఏమీ చెప్పలేదు. అత్త నా మొహం చూసి, "రాసినాడా?" అంది. ఉత్తరాల సంగతి ఆమెకు తెలుసట! పోస్టాఫీసు నుంచి మేడం తెస్తోందని కూడా తెలుసు. "చెవి వినపడదు గానీ కళ్ళు బాగానే ఉండాయిలేవే" అంది. నా తల తన ఒడిలోకి లాక్కుంది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత మేకలకు నీళ్ళు పెట్టే వేళయింది.

నాకు కోపం ఉందా లేదా అని నన్ను నేను అడిగి చూశాను. ఉంది. అది ఉండగానే నీ మీద జాలి కూడా ఉంది. ఏది ఎక్కువో తెలియడం లేదు. రెండూ ఉన్నట్టే రాస్తున్నాను.

పెట్టెలను మోటారు గది పక్కకు మార్చాం. తోటకు ఆ చివర నుంచి ఈ చివరకు, అంతే. పొద్దున వెళ్ళి చూస్తే పాత చోటు దగ్గర ఈగలు గుంపుగా తిరుగుతున్నాయి. అక్కడ పెట్టె లేదు, స్టాండు గుర్తులే ఉన్నాయి. అయినా అక్కడికే వస్తున్నాయి, ఉత్త గాలిలో వాకిలి వెతుక్కుంటున్నాయి. అవి తెలివితక్కువవి కావట. ఇంటి చోటును అంత గట్టిగా గుర్తుపెట్టుకోవడం వల్లే ఇలా అవుతుందట. పెట్టె వాకిలికి అడ్డంగా వేపరెమ్మ కట్టమంది మేడం. బయటికి వచ్చేటప్పుడు రెమ్మ తగిలి ఆగుతాయి, ఇదేదో కొత్తచోటు అని వెనక్కి తిరిగి పెట్టెను చూసుకుంటాయి, చూసుకుని నేర్చుకుంటాయి. కొన్నాళ్ళు పడుతుంది. ఇప్పుడు పాతచోటికి వచ్చేవి తగ్గాయి. పూర్తిగా ఆగలేదు.

నేనూ పడుకోబోయే ముందు ఆ మూడో అంతస్తుకే పోతున్నాను బావా. కిటికీ కింద నీ పక్క వేస్తున్నాను. వేశాక గుర్తొస్తోంది, అక్కడ ఎవరో ఉన్నారని, పరదా కట్టుకున్నారని. అప్పుడు నిన్ను అక్కడి నుంచి లేపి కిందికి తీసుకురావాలి. కానీ ఎక్కడికి తేవాలి? ఆ సెల్లార్ గురించి నువ్వు ఒక్క ముక్కే రాశావు. నాకు చోటు లేదని రాశావు. నీకుందా? కింద ఏం పరుచుకుంటావు? దోమతెర ఉందా? తల గోడ వైపు పెడతావా, మెట్ల వైపు పెడతావా? లైటు ఆర్పుతారా, అలాగే ఉంచుతారా? పక్కన పడుకునే వాళ్ళ పేర్లేమిటి? గురక పెట్టేది ఎవరు? వర్షం వస్తే నీళ్ళు లోపలికి వస్తాయా? రూము గురించి రాసినట్టే ఇదంతా రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు లేని చోట నిన్ను పెట్టుకుని ఇంతకాలం మాట్లాడాను, ఇక చాలు.

ఈస్టరుకు రాలేనని రాశావు. రాలేవు. సరే. ఎదురుచూడను. ఆ రోజు మందిరం నుంచి రాగానే అత్తా నేనూ కోడికూర వండుకుంటాం. పిచ్చయ్య పెదనాయనకు ఒక గిన్నె పంపుతాం, తీసుకుంటాడో లేదో.

నువ్వు నిజం రాసిన ఉత్తరాన్ని నా దగ్గరే పెట్టుకున్నాను. కాల్చను. నాది మాత్రం కాల్చెయ్యి బావా. సెల్లార్‌లో ఐదుగురు ఉంటారన్నావు, పొద్దున పని కోసం లేచేటప్పుడు నీ దిండు కింద ఇది ఎవరికి కనపడినా నాకు సిగ్గు. జవాబు రాశాక కాల్చు, ముందు కాదు, నేను అడిగినవి ఒకటీ మరిచిపోకుండా.

నీ ఫెబీ.